డిప్రెషన్, దాని మందులు: తిరుపతి మందుల కౌంటరు దగ్గర మళ్ళీ మళ్ళీ వినిపించే ప్రశ్నలు

తిరుపతిలో మందుల కౌంటరు వెనుక నిలబడి ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. దగ్గు మందు గురించి అందరి ముందూ గట్టిగా అడిగేవారు కూడా డిప్రెషన్ మాత్రల చీటీ చేతిలో ఉన్నప్పుడు వెనకున్నవారు కదిలేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. ఆ ప్రశ్నలు ఇన్నేళ్ళలో పెద్దగా మారలేదు. వాటికి సమయానికి జవాబు దొరకక, మందు పనిచేయడం మొదలుపెట్టకముందే మానేసినవారిని ఎందరినో చూశాను. ఆ బాధతోనే ఈ ప్రశ్నలను దశలవారీగా ఇక్కడ చేర్చాను. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది పరీక్షించిన డాక్టరు నిర్ణయించవలసిన విషయం.

## డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు

దిగులు అందరికీ ఉంటుంది కదా, దాన్ని జబ్బు అని ఎప్పుడు అంటారు?

తోటలో కాయ దిగుబడి బాగా వచ్చి, మార్కెట్లో ధర పడిపోతే మామిడి రైతు దిగులు పడటం సహజం. ఆ దిగులు బంధువులు వచ్చినప్పుడు కొంత తేలిక పడుతుంది, మరుసటి పంట పనుల్లో కొంత కరుగుతుంది. అదే మనిషి వారాల తరబడి తోట వైపే వెళ్ళకుండా, మనవరాలు వచ్చి ఒళ్ళో కూర్చున్నా ఏమీ అనిపించకుండా ఉంటే అది వేరే స్థితి. మనసు కుంగి ఉండటం లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఈ రెండింటిలో ఒకటైనా రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, నడకలో, మాటలో మందగింపు లేదా కుదురులేనితనం, తానెందుకూ పనికిరానన్న భావన, చావు గురించిన ఆలోచనలు వంటివి కలిసి మొత్తం ఐదు లక్షణాలైనా ఉండి, రోజువారీ బతుకు కుంటుపడితే వైద్యులు దాన్ని డిప్రెషన్‌గా గుర్తిస్తారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో సుమారు 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడుతున్నారు.

నాకు ఏడుపు రాదు. ఒళ్ళు నొప్పులు, గ్యాస్, నిద్ర లేకపోవడం, అంతే. డాక్టరు డిప్రెషన్ అంటున్నారు, ఎట్లా?

మన వైపు ఈ జబ్బు చాలామందిలో మొదట ఒంటి ద్వారానే బయటపడుతుంది. "మనసు బాగాలేదు" అని చెప్పుకోవడం కంటే "ఒంట్లో సత్తువ లేదు" అని చెప్పుకోవడం సులభం కావడం ఒక కారణమైతే, శరీరంలోని కారణం మరొకటి. మెదడు నుండి వెన్నుపాములోకి దిగి నొప్పి సంకేతాలను అదుపు చేసే నాడీమార్గాలు సెరొటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలతోనే పనిచేస్తాయి, మానసిక స్థితిలోనూ అవే రసాయనాలకు పాత్ర ఉంది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, పొద్దున బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడటం కూడా డిప్రెషన్‌ను సూచించే గుర్తులు. అయితే థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బి12 లోపించినా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నా ఇలాంటి లక్షణాలు రావచ్చు కనుక ముందు రక్త పరీక్షలు చేయించడం సరైన పద్ధతి.

మెదడులో సెరొటోనిన్ తగ్గితే డిప్రెషన్ వస్తుందని విన్నాను. నిజమేనా?

అంత సూటిగా చెప్పడం సరికాదు. ఈ నమ్మకం ఎలా పుట్టిందో తెలిస్తే విషయం స్పష్టమవుతుంది. మన దేశపు వైద్యంలో ఎంతోకాలంగా వాడుకలో ఉన్న సర్పగంధి వేరు నుండి తీసిన రిసర్పిన్‌ను 1950లలో రక్తపోటుకు విరివిగా వాడారు. అది సెరొటోనిన్ వంటి రసాయనాల నిల్వలను ఖాళీ చేస్తుంది, దాన్ని వాడిన కొందరు కుంగిపోయినట్లు వైద్యులు గమనించారు. దాదాపు అదే కాలంలో, 1952లో, న్యూయార్క్‌లో క్షయ రోగులకు ఇప్రోనియజిడ్ ఇస్తే వారిలో కొందరు అనూహ్యంగా హుషారయ్యారు. ఆ మందు ఆ రసాయనాలు విచ్ఛిన్నం కాకుండా అడ్డుకుంటుందని తేలింది. 1957లో స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్, మరో జబ్బు కోసం పరీక్షిస్తున్న ఇమిప్రమిన్ డిప్రెషన్‌కు పనిచేస్తున్నట్లు ప్రకటించారు. ఈ ముక్కలన్నీ కలిపి, ఈ రసాయనాల కొరతే జబ్బుకు మూలమన్న ఊహ 1960లలో రూపుదిద్దుకుంది.

ఆ ఊహ కొత్త మందులకు దారి చూపింది, కానీ జబ్బును పూర్తిగా వివరించలేకపోయింది. డిప్రెషన్ ఉన్నవారందరిలో సెరొటోనిన్ తక్కువగా ఉంటుందనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో వెలువడిన విస్తృత సమీక్ష తేల్చింది. వంశపారంపర్యంగా వచ్చే అవకాశం (కవలల అధ్యయనాల ప్రకారం సుమారు 35-40 శాతం), చిన్ననాటి దెబ్బలు, దీర్ఘకాలపు ఒత్తిడి, ఒత్తిడి హార్మోన్లు, మెదడు కణాల మధ్య కొత్త అనుసంధానాలు ఏర్పడే శక్తి తగ్గడం, ఇవన్నీ కలిసి ఈ జబ్బును తెస్తాయని నేటి అవగాహన. కొరత వల్ల రాని జబ్బుకు ఈ మందు ఎందుకు పనిచేస్తుందని అడిగితే, చేతికర్ర లేకపోవడం వల్ల కాలు విరగదు గాని, విరిగిన కాలితో నడవడానికి కర్ర సాయపడుతుందని గుర్తు చేస్తాను.

కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. ముందు మొక్కు తీర్చుకుని, తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్తే చాలదా?

మొక్కును, వైద్యాన్ని ఒకదాని తరువాత ఒకటిగా పెట్టవలసిన అవసరం లేదు. అలిపిరి మెట్ల దారిలో నడవడం శరీరానికి మంచి శ్రమ, తోడుగా నలుగురు ఉంటారు, మనసుకు ఒక ఆధారం దొరుకుతుంది. క్రమం తప్పని వ్యాయామం తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌ను తగ్గిస్తుందని పరిశోధనలు కూడా చూపాయి. కానీ జబ్బు తీవ్రంగా ఉన్న మనిషికి మంచం దిగడమే కష్టమవుతుంది. నడవలేకపోయినందుకు, దేవుడికి కూడా మాట తప్పానన్న అపరాధ భావం అదనంగా చేరుతుంది. అలా కృంగిపోయినవారిని చూశాను కాబట్టే, మందు మొదలుపెట్టి ఓపిక వచ్చాక మెట్లెక్కమని చెబుతాను.

ఎక్కడ చూపించుకోవాలి? బాగా ఖర్చవుతుందా?

తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధమైన రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు వారు చాలామంది దగ్గరని వేలూరు సీఎంసీకి వెళతారు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనప్పుడు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ (ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే సేవ) నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎక్కువగా రాసే ఫ్లూఆక్సెటిన్, ఎసిటలోప్రామ్ రెండూ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. జన ఔషధి కేంద్రాల్లో జనరిక్ రూపంలో కొంటే నెల ఖర్చు చాలా తగ్గుతుంది.

## మాత్ర రాసిన రోజు

ఇది మత్తు మందా? అసలు ఎట్లా పనిచేస్తుంది?

మత్తు మందు కాదు. మెదడులో ఒక నాడీకణం మరో కణానికి కబురు పంపడానికి రెండింటి మధ్యనున్న సన్నని సందులోకి సెరొటోనిన్‌ను వదులుతుంది, పని కాగానే దాన్ని తిరిగి లోపలికి లాక్కుంటుంది. ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు ఆ లాక్కునే ద్వారాన్ని మూస్తాయి, అందువల్ల సెరొటోనిన్ సందులో ఎక్కువసేపు నిలుస్తుంది. వెన్లాఫాక్సిన్, డ్యులాక్సెటిన్ నార్‌అడ్రినలిన్ మీద కూడా పనిచేస్తాయి. మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్ నిద్ర తెప్పించే గుణం ఉన్నవి కాబట్టి రాత్రిపూట ఇస్తారు.

ద్వారం మూసుకోవడం మొదటి మాత్రతోనే, కొన్ని గంటల్లో జరుగుతుంది. అయినా మనసు తేలికపడటానికి వారాలు పడుతుంది. ఈ ఎడం శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించింది. సెరొటోనిన్ పెరగగానే మెదడు ముందుగా తన విడుదలను తానే తగ్గించుకుంటుంది, ఆ అదుపు సడలడానికి కొంత కాలం పడుతుంది. ఆ తరువాత నాడీకణాలను పోషించే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ పని పుంజుకుని, కొత్త అనుసంధానాలకు వీలు కలుగుతుంది. మరో ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, ఎదుటివారి ముఖంలో కోపాన్నే వెతికే ధోరణి మొదటి రోజుల్లోనే కొంత తగ్గుతుంది గాని, ఆ మార్పు మనకు తెలిసేలోగా లోకంతో మళ్ళీ కొన్నాళ్ళు మెలగవలసి ఉంటుంది. మందుతోపాటు మనుషుల్లోకి రావాలని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

నిజంగా పనిచేస్తాయా, లేక మన నమ్మకమేనా?

నమ్మకానికీ పాత్ర ఉంది, మందుకూ పాత్ర ఉంది. 2018లో ప్రచురితమైన ఒక విశ్లేషణ 21 మందుల మీద జరిగిన 522 ప్రయోగాలను, 1,16,477 మంది వివరాలను కలిపి చూసి, అన్ని మందులూ ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. సగటున ఆ తేడా ఒక మోస్తరుదే. అయితే సగటులో కొందరికి బాగా పనిచేయడం, కొందరికి అసలు పనిచేయకపోవడం రెండూ కలిసి ఉంటాయి. జబ్బు తేలికపాటిదైతే మాటలతో చేసే చికిత్సతో మొదలుపెట్టడం మంచిది. గోవాలో మానసిక వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుండి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడించి, రోగులను మళ్ళీ రోజువారీ పనుల్లోకి తెచ్చే పద్ధతి మంచి ఫలితమిచ్చిందని 2017లో వెల్లడైంది. మన మండలాల్లో అలాంటి వారు ఉంటే ఎంత బాగుండునో అని తరచూ అనుకుంటాను.

ఒకసారి మొదలుపెడితే అలవాటు పడిపోతామా?

డిప్రెషన్ మందుల కోసం సారాయి కోసం తపించినట్లు ఎవరూ తపించరు, రోజురోజుకూ మోతాదు పెంచుకుంటూ పోవలసిన అవసరమూ రాదు. అయితే ఒక్కసారిగా ఆపితే శరీరం ఇబ్బంది పడుతుంది, ఆ మాట దాచకూడదు. నిజంగా అలవాటయ్యేవి, మొదట్లో నిద్రకూ కంగారుకూ తోడుగా రాసే అల్ప్రజోలమ్, క్లోనజెపమ్ వంటి మాత్రలు. వాటిని సాధారణంగా కొద్ది వారాలకే రాస్తారు. తరువాత డిప్రెషన్ మాత్ర మానేసి, "ఆ చిన్న నిద్రమాత్ర ఒక్కటి ఇవ్వండి" అని అడిగేవారు చాలామంది. చికిత్స చేసే మందును వదిలి అలవాటు చేసే మందును పట్టుకోవడం నేను చూసినవాటిలో అతి సాధారణమైన పొరపాటు.

## మొదటి ఆరు వారాలు

పది రోజులు వేసుకున్నాను. వికారం, తలనొప్పి తప్ప ఏమీ మారలేదు. మానేయనా?

ఒక పెద్దాయన సరిగ్గా పదో రోజున సగం స్ట్రిప్పు తిరిగి తెచ్చి, డబ్బు అక్కరలేదు, ఇది ఇంట్లో ఉంటే చాలు కడుపులో తిప్పుతోందని కౌంటరు మీద పెట్టారు. ఆయన చెప్పినదంతా నిజమే. శరీరంలోని సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లో ఉంటుంది కాబట్టి మందు ప్రభావం మొదట కడుపు మీదే తెలుస్తుంది: వికారం, విరేచనాలు, నోరు ఎండటం, తలనొప్పి, కొందరికి నిద్ర చెదరడం, మరికొందరికి మగత, మన ఎండల్లో చెమట మరీ ఎక్కువ కావడం. ఇవి చాలామందిలో వారం రెండు వారాల్లో తగ్గిపోతాయి. మేలు మాత్రం రెండవ వారం నుండి మెల్లగా మొదలై, స్పష్టంగా తెలియడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది.

అంటే మొదటి పది రోజుల్లో కష్టమంతా కనిపిస్తుంది, ఫలితం కనిపించదు. ఈ ఒక్క సంగతి మందు ఇచ్చే రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ పెద్దాయన ఆగి ఉండేవారు. టిఫిన్ తిన్నాక మాత్ర వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిద్ర చెదిరితే పొద్దున, మగత వస్తే రాత్రి వేసుకునేలా డాక్టరును అడిగి మార్చుకోవచ్చు. మార్పును తాను గుర్తించేముందు ఇంట్లోవారు గుర్తించడం కూడా మామూలే. రోగికి ఇంకా దిగులుగానే ఉన్నా, స్నానం తనంతట తానే చేయడం, అన్నం ఇంకొంచెం అడగడం మొదలవుతుంది. ఆ చిన్న గుర్తులను ఒక కాగితం మీద రాసుకుని తదుపరి సారి డాక్టరుకు చూపించండి. నాలుగు వారాలు సరైన మోతాదులో వాడినా ఏ మాత్రమూ మార్పు లేకపోతే డాక్టరు మోతాదు పెంచడమో మందు మార్చడమో చేస్తారు.

మొదటి వారంలో కంగారు ఇంకా పెరిగింది, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయి. ఏం చేయాలి?

తదుపరి అపాయింట్‌మెంటు దాకా ఆగకండి, ఆ రోజే డాక్టరుకు గాని, ఆసుపత్రి అత్యవసర విభాగానికి గాని చెప్పండి. ఎవరూ అందుబాటులో లేకపోతే 14416కు ఫోన్ చేయండి. మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, మోతాదు మార్చినప్పుడు, ముఖ్యంగా చిన్న వయసువారిలో ఇలాంటి ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల, కౌమారుల విషయంలో గట్టి హెచ్చరిక జారీ చేసి, 2007లో దాన్ని 24 ఏళ్ళ వరకు విస్తరించింది. కాబట్టి కాలేజీ వయసు పిల్లలకు మందు మొదలైతే మొదటి నెల వారిని హాస్టల్లో ఒంటరిగా వదలకుండా, రోజూ పలకరించేవారు ఒకరు ఉండాలి. పల్లెల్లో పురుగుమందు డబ్బాలను, ఇంట్లో మిగిలిన మాత్రలను ఆ మనిషికి అందకుండా వేరే ఇంట్లో దాచడం ప్రాణాలు కాపాడే పని. చావు గురించి అడిగితే ఆ ఆలోచన పెట్టినట్లవుతుందేమోనని భయపడకండి. నెమ్మదిగా, సూటిగా అడిగితే ఆ మనిషికి ఊరట కలుగుతుంది.

రెండు వారాలకే నిద్ర అక్కరలేనంత హుషారు వచ్చింది. మందు బాగా పనిచేసినట్లేనా?

కాకపోవచ్చు. నిద్ర లేకపోయినా అలసట రాకపోవడం, ఆగకుండా మాట్లాడటం, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెట్టడం బైపోలార్ జబ్బుకు (కొన్నాళ్ళు కుంగుబాటు, కొన్నాళ్ళు అదుపు లేని హుషారు వచ్చే జబ్బు) గుర్తులు కావచ్చు. అలాంటి వారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఇది బయటపడవచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పండి.

మందు మొదలైనప్పటి నుండి దాంపత్య జీవితంలో ఆసక్తి పోయింది. ఎవరిని అడగాలి?

డాక్టరునే అడగాలి, సిగ్గుపడవలసిన పని లేదు. కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులతో స్త్రీపురుషులిద్దరికీ తరచుగా వచ్చే ఇబ్బంది, కారణం చెప్పకుండా మందు మానేసేవారిలో చాలామందిది ఇదే. మోతాదు సవరించడం, లేదా బ్యూప్రొపియాన్, మిర్టజపిన్ వంటి మందులకు మారడం ద్వారా దీన్ని సరిదిద్దే వీలుంది.

ఇతర మాత్రలు, మోకాళ్ళ నొప్పి మాత్రలు కలిపి వేసుకోవచ్చా?

మీరు వాడే ప్రతి మాత్రను డాక్టరుకు చూపించండి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు రక్తం గడ్డకట్టే శక్తిని కొంత తగ్గిస్తాయి, కనుక ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటివి తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ కలిస్తే సెరొటోనిన్ ప్రమాదకరంగా పెరిగి జ్వరం, వణుకు, గందరగోళం రావచ్చు. అరవై దాటినవారిలో, ముఖ్యంగా బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్ర వాడేవారిలో, రక్తంలో సోడియం పడిపోయి తూలడం, మతిమరుపు కనిపించవచ్చు. ఆ లక్షణాలను వయసు మీద నెట్టకుండా రక్త పరీక్ష చేయించాలి. మద్యం మానాలి.

ఏకాదశి ఉపవాసం, రోజా ఉన్న రోజుల్లో ఎట్లా?

ఈ మందుల్లో ఎక్కువ భాగం రోజుకు ఒకసారి వేసుకునేవి. రోజా ఉండేవారు ఇఫ్తార్ తరువాతగాని సహరీ సమయంలోగాని వేసుకునేలా డాక్టరుతో ముందే మాట్లాడుకోవచ్చు. ఉపవాసం పేరుతో మాత్ర మాత్రం ఆపకండి.

## కుదుటపడిన తరువాత

ఇప్పుడు బాగానే ఉన్నాను. ఇంకా ఎందుకు వేసుకోవాలి?

లక్షణాలు పోవడం, జబ్బు తిరగబెట్టే ముప్పు పోవడం ఒకటి కాదు. మొదటిసారి వచ్చినవారు బాగైన తరువాత కూడా కనీసం ఆరు నుండి తొమ్మిది నెలలు అదే మోతాదులో కొనసాగించాలని, పలుమార్లు వచ్చినవారు రెండేళ్ళు లేదా అంతకు మించి కొనసాగించాలని వైద్యులు చెబుతారు. ఇంగ్లండులో చాలాకాలంగా మందు వాడుతూ బాగున్న 478 మందితో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మందు కొనసాగించినవారిలో 39 శాతం మందికి, క్రమంగా మానినవారిలో 56 శాతం మందికి ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది. ఈ అంకెలను రెండు వైపుల నుండీ చదవాలి: మందు రక్షణ ఇస్తుంది, కానీ పూర్తి రక్షణ కాదు, మానినవారిలో 44 శాతం మంది బాగానే ఉన్నారు.

రెండు నెలలు వాడినా గుణం లేదు. ఇక నా జబ్బు తగ్గదా?

మొదటి మందుతో పూర్తిగా కుదుటపడేవారు దాదాపు మూడింట ఒక వంతు మాత్రమేనని 2006లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. మరికొందరు రెండవ మందుతో బాగయ్యారు. మందు మార్చడం, మరొకటి జోడించడం, మాటల చికిత్స కలపడం ఇవన్నీ మామూలు మెట్లే. తిండి మానేసిన, ప్రాణాపాయంలో ఉన్న రోగులకు మత్తు ఇచ్చి చేసే విద్యుత్ చికిత్స అత్యంత ప్రభావవంతమైనది. మత్తు ఇవ్వకుండా దాన్ని చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

నేను గర్భవతిని. వెంటనే ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపకండి. చికిత్స లేని డిప్రెషన్ కూడా తల్లికీ బిడ్డకూ హాని చేస్తుంది. పారాక్సెటిన్‌ను సాధారణంగా గర్భిణులకు రాయరు. సెర్ట్రలిన్ తల్లిపాలలోకి చాలా తక్కువగా చేరుతుంది. మానసిక వైద్యులు, కాన్పు డాక్టరు ఇద్దరూ కలిసి నిర్ణయించాలి.

## మానే సమయంలో

మాత్రలు అయిపోయాయి, నాలుగు రోజులు వేసుకోలేదు. తల తిరుగుతోంది, తలలో కరెంటు కొట్టినట్లుంది. జబ్బు తిరిగి వచ్చిందా?

బహుశా మందు హఠాత్తుగా ఆగిన ప్రభావం. రెండింటినీ విడదీసి గుర్తించవచ్చు: ఆపిన ప్రభావం కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది, తల తిరగడం, కరెంటు కొట్టినట్లుండటం, పీడకలలు, చిరాకు వంటి శరీర లక్షణాలతో ఉంటుంది, మాత్ర మళ్ళీ వేసుకుంటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. జబ్బు తిరగబెడితే దిగులు వారాల మీద, మెల్లగా కమ్ముకుంటుంది. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ ఒంట్లో నుండి త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఇబ్బంది ఎక్కువ. ఫ్లూఆక్సెటిన్ వారాల తరబడి నిలుస్తుంది కాబట్టి తక్కువ. ఏడెనిమిది మాత్రలు మిగిలి ఉండగానే తరువాతి నెల మందు కొనుక్కోండి.

మానాలంటే ఎట్లా మానాలి?

డాక్టరుతో కలిసి, వారాలు లేదా నెలల మీద తగ్గిస్తూ. సగానికి తగ్గించగానే ప్రభావం కూడా సగమైందని చాలామంది అనుకుంటారు. సాధారణ చికిత్స మోతాదులోనే సెరొటోనిన్‌ను లాక్కునే ద్వారాల్లో సుమారు 80 శాతం మూసుకుంటాయి, మోతాదు సగం చేసినా వాటిలో ఎక్కువ భాగం మూసుకునే ఉంటాయి. ఆ ప్రభావం బాగా పడిపోయేది చివరి చిన్న మోతాదుల దగ్గరే. అందుకే మొదట సులభంగా తగ్గించగలిగినవారు కూడా చివర్లో తడబడతారు. అక్కడ అడుగులు ఇంకా చిన్నవిగా, ఇంకా నిదానంగా ఉండాలి. పరీక్షలు, పెళ్ళిళ్ళు, ఇంట్లో మరణం వంటి సమయాల్లో మానే ప్రయత్నం మొదలుపెట్టకపోవడం మంచిది.

## ఇంట్లో వారికి

మా నాయన "ఇదంతా సోమరితనం, పనిలో పడితే పోతుంది" అంటున్నారు. ఎట్లా చెప్పాలి?

సోమరి పని తప్పించుకుని సుఖపడతాడు. డిప్రెషన్ ఉన్న మనిషి ఏ పనీ చేయలేక, చేయలేకపోతున్నందుకు కుమిలిపోతూ ఉంటాడు. ఈ ఒక్క తేడాను నాయనకు చెప్పండి, వీలైతే ఆయననే డాక్టరు దగ్గరకు తోడుగా తీసుకెళ్ళండి, ఎందుకంటే పెద్దవాళ్ళు పిల్లల మాట కంటే తెల్లకోటు మాట త్వరగా వింటారు. పనిలో పడాలన్న ఆయన సలహాలో కూడా నిజముంది, కాకపోతే అది పెద్ద పనితో మొదలు కాకూడదు. పాలు తేవడం, చెట్టుకు నీళ్ళు పోయడం వంటి పది నిమిషాల పనితో మొదలై, చేసిన రోజు ఒక మంచి మాటతో ముగియాలి.

అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. మందు వాడుతున్న సంగతి దాచమంటారా?

రోగి వైద్య వివరాలను గోప్యంగా ఉంచే హక్కు 2017 చట్టం ఇస్తుంది కాబట్టి, ఊరంతటికీ చెప్పవలసిన అవసరం లేదు. పెళ్ళి చేసుకోబోయే అబ్బాయికి మాత్రం, మాట ఖాయమయ్యేముందు, అమ్మాయి తన ఇష్టంతో తానే చెప్పడం మేలని నా అభిప్రాయం. దాచి పెళ్ళి చేసిన ఇళ్ళలో జరిగేది ఒకటే: అత్తవారింట్లో మాత్రల స్ట్రిప్పు కనిపిస్తుందేమోనన్న భయంతో అమ్మాయి పెళ్ళైన వారానికే మందు ఒక్కసారిగా మానేస్తుంది. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిద్ర లేని రాత్రులు, దానికి తోడు ఆగిపోయిన మందు. సంబంధం ఎంత మంచిదైనా, పెళ్ళి సామాన్లతోపాటు కనీసం రెండు నెలల మాత్రలు, డాక్టరు చీటీ, ఆ మాత్ర సంగతి తెలిసిన ఒక మనిషి ఆ ఇంట్లో ఉండేలా చూడండి.